ఎకనామిక్ క్రైసిస్ గురించి సోషియాలజీ ఏం చెప్తుంది? ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పిన అనుభవంతో నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో తొమ్మిదేళ్ళు పనిచేసిన కంపెనీ ఒక్క మెయిల్ తో తీసేసింది, పెరుంబాక్కం ఫ్లాట్ కి ఈఎంఐ నడుస్తోంది, అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసి నా గాజులు కుదువ పెట్టుకోరా అంటోంది, నాన్నేమో నీలోనే ఏదో లోపం ఉండుంటుంది లేకపోతే నిన్నే ఎందుకు తీస్తారు అంటున్నారు. ఇంత గొడవలో కూర్చుని నువ్వు అడిగిందేంటంటే, ఆర్థిక సంక్షోభాలు ఎందుకొస్తాయో ఎకనామిక్స్ వాళ్ళు చెప్తారు కదా, మరి సోషియాలజీలో దీనికి వేరే థియరీలు ఉన్నాయా, ఉంటే మార్క్స్ ఒక్కడేనా, అవి మనలాంటివాళ్ళకి ఏమైనా పనికొస్తాయా అని. నేను చెన్నైలోనే పుట్టి పెరిగి ఇక్కడే ముప్పై ఏళ్ళు కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైర్ అయ్యాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే, అందుకని పొడుగ్గానే రాస్తున్నా ఓపిగ్గా చదువు. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, క్లాసులో పడిన అలవాటు.

ముందు నాన్నగారి మాట తీసుకుందాం, ఎందుకంటే మా సబ్జెక్ట్ మొదలయ్యేదే అక్కడ. సి. రైట్ మిల్స్ అని అమెరికన్ సోషియాలజిస్ట్ 1959లో ఒక చిన్న లెక్క చెప్పాడు. లక్షమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే పని లేకపోతే వాడికి ఏం వచ్చు, వాడి గుణం ఎలాంటిది అని చూడాలి, అది వాడి సొంత ఇబ్బంది. అదే ఐదు కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేదనుకో, అప్పుడు ఒక్కొక్కడి గుణం వెతుక్కుంటూ పోతే జవాబు దొరకదు, పని దొరికే ఏర్పాటే కూలిపోయిందని అర్థం. మీ టీంలో నలభై మందికి పదిహేడు మందిని తీసేశారని నువ్వే రాశావు. పదిహేడు మందికీ ఒకే నెలలో ఒకే లోపం పుట్టదు కదా. ఈ లెక్క నాన్నగారికి చెప్పు, కోపంగా కాదు, పక్కన కూర్చుని చెప్పు.

ఇక నీ ప్రశ్న. మామూలు ఎకనామిక్స్ పాఠంలో క్రైసిస్ అంటే ఎక్కువగా బయట్నుంచి వచ్చి తగిలిన దెబ్బ, ఆయిల్ రేటు పెరిగింది, యుద్ధం వచ్చింది, వైరస్ వచ్చింది, కొన్నాళ్ళకి మార్కెట్ మళ్ళీ సర్దుకుంటుంది అంటారు (కీన్స్, మిన్‌స్కీ లాంటివాళ్ళు ఇలా అనలేదు, వాళ్ళని ఇందులో కలపకూడదు). సోషియాలజీ వాళ్ళు అడిగేవి వేరు. ఈ దెబ్బ లోపల్నుంచే ఎలా పుట్టింది అన్నది ఒకటి. ఇంకోటి, సంక్షోభం తీరిపోయింది అని పేపర్లో రాశారే, తీరి ఎక్కడికి పోయింది అన్నది. నాకైతే రెండోదే ముఖ్యం. ఇన్నేళ్ళ చదువులో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఒకటే, ఈ వ్యవస్థలో క్రైసిస్ తీరడం చాలా తక్కువ, ఎక్కువసార్లు అది ఇల్లు మారుతుంది. ఫ్యాక్టరీలో ఉన్నది గవర్నమెంట్ బడ్జెట్ కి పోతుంది, అక్కణ్ణుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి మన వంటింటికి. అందుకే నేను ఏ థియరీ చదివినా అందులో ఇల్లు మారే దారి ఎక్కడుందా అని వెతుకుతాను.

మార్క్స్ ని మరీ లోతుగా చెప్పను, అందరికీ కాస్తో కూస్తో తెలుసు. ప్రతి ఓనరూ తన దగ్గర పనిచేసేవాళ్ళకి తక్కువ జీతం ఇవ్వాలనుకుంటాడు, పక్క ఓనర్ దగ్గర పనిచేసేవాళ్ళు మాత్రం చేతినిండా డబ్బుతో వచ్చి తన సరుకు కొనాలనుకుంటాడు, అందరూ అలాగే అనుకుంటే సరుకు గోడౌన్లో ఉండిపోతుంది. ఇది ఒక దారి. మనుషుల్ని తగ్గించి మెషీన్లు పెంచుకుంటూ పోతే లాభం రేటు పడిపోతుందన్నది ఇంకో దారి, ఈ రెండోదాని మీద నూరేళ్ళకి పైగా లెక్కల కొట్లాట నడుస్తోంది. నాకు మొదటిది ఎక్కువ ఉపయోగపడింది, రెండోదాన్ని కొందరు జాతకంలా వాడతారు, రేపే కూలిపోతుంది ఎల్లుండే కూలిపోతుంది అని, అది నాకు నచ్చదు.

ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ డర్కైమ్ ని మాత్రం చాలామంది ఈ పాఠంలో వదిలేస్తారు, అది పెద్ద తప్పు. 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకంలో ఆయన 1873 నాటి వియన్నా మార్కెట్ క్రాష్ లెక్క తీశాడు. ఆ ఊళ్ళో 1872లో 141 ఆత్మహత్యలు, 1873లో 153, 1874లో 216. డబ్బు పోయింది కాబట్టి అనుకుంటాం కదా, కానీ ఆయన ఇంకో విషయం కూడా చూపించాడు, హఠాత్తుగా సంపద పెరిగిన చోట కూడా ఆత్మహత్యలు పెరిగాయి, కలకాలం పేదరికంలో ఉన్న ప్రాంతాల్లో మాత్రం తక్కువ. అంటే మనిషిని పడగొట్టేది లేమి ఒక్కటే కాదు, నిన్నటిదాకా ఎంత ఆశించాలో ఎంతలో ఉండాలో చెప్పిన కొలత ఒక్కసారిగా పోవడం. దీన్నే అనోమీ అన్నాడు. ఓఎంఆర్ లో ఏడాదికి ఇంత హైక్, మూడేళ్ళకో జంప్, ముప్పైలోపు ఫ్లాట్ అనే కొలతలో బతికినవాడికి ఆ కొలతే పోతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టడంలేదని రాశావు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, మనసు మరీ చీకటిగా అనిపిస్తే ఇంట్లోవాళ్ళకి చెప్పు, డాక్టర్ ని కలువు, ఇది అక్కగా చెప్తున్నా.

ఇక్కడ నా ఇంటి కథ చెప్పాలి. మా నాన్న అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్లో ఒక చిన్న యూనిట్లో ఫిట్టర్. నేను ప్లస్ టూ చదివేటప్పుడు పెద్ద కంపెనీ నుంచి వచ్చే ఆర్డర్ ఆగిపోయి ఆ యూనిట్ మూసేశారు. అంతకుముందు ఇంట్లో కుళాయి కారితే ఆదివారం పొద్దున కాఫీ తాగి అరగంటలో బాగుచేసేవారు, వీధిలోవాళ్ళవి కూడా చేసిపెట్టేవారు. ఉద్యోగం పోయాక రోజంతా ఇంట్లోనే, చేతిలో స్పానర్లు ఉన్నాయి కావలసినంత టైం ఉంది, కానీ ఐదు నెలలు మా పెరట్లో కుళాయి అలా కారుతూనే ఉంది. అమ్మ అడిగితే రేపు చూద్దాం అనేవారు. నేను అప్పట్లో నాన్న బద్ధకం అనుకుని మనసులో తిట్టుకున్నాను, ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

ఎంఏలో ఉండగా మరియెంథాల్ పుస్తకం చేతికొచ్చింది. వియన్నా దగ్గర ఒక చిన్న ఊరు, ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది, 1930కల్లా మిల్లు మూతపడింది. మారీ యహోదా, లాజార్స్‌ఫెల్డ్, జైసెల్ అనే ముగ్గురూ వాళ్ళ టీమూ ఆ ఊరికెళ్ళి ఎవరేం తింటున్నారు, పిల్లలు క్రిస్మస్ కి ఏం అడుగుతున్నారు, మగవాళ్ళు వీధిలో ఎంత స్పీడుగా నడుస్తున్నారు అని గడియారం పెట్టి మరీ చూశారు, 1933లో పుస్తకం వేశారు. పని పోతే టైం దొరుకుతుంది, జనం చదువుకుంటారు, రాజకీయాల్లో తిరుగుతారు అని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్ళు. అక్కడ జరిగింది పూర్తిగా తారుమారు. లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం దాదాపు సగానికి తగ్గిపోయింది, అదీ ఫీజు తీసేసి ఫ్రీ చేసిన తర్వాత. మగవాళ్ళు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోతున్నారు. ఆడవాళ్ళు మాత్రం వేగంగానే నడుస్తున్నారు, ఎందుకంటే వాళ్ళకి పని ఎక్కడ పోయింది, వంట ఉంది, చిరిగిన బట్టలు కుట్టడం ఉంది, తక్కువ డబ్బుతో అదే ఇల్లు నడపాలంటే పని ఇంకా పెరిగింది. ఆ పేజీలు చదివి హాస్టల్లో ఏడ్చాను. మా కుళాయి గుర్తొచ్చింది, అదే టైంలో అమ్మ పొద్దున నాలుగింటికే లేచి ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో అమ్మడం మొదలుపెట్టిన సంగతి కూడా గుర్తొచ్చింది. క్రైసిస్ అంబత్తూరు నుంచి మా వంటింటికి ఇల్లు మారింది, ఆ మాట అప్పుడు ఎవరూ అలా చెప్పలేదు అంతే.

అమెరికన్ ఫిలాసఫర్ నాన్సీ ఫ్రేజర్ ఇప్పుడు పెద్ద ఎత్తున చెప్పేది ఇదే. పెట్టుబడి రోజూ తయారై వచ్చే పనివాణ్ణి వాడుకుంటుంది, వాణ్ణి కని పెంచి వండిపెట్టి జబ్బు చేస్తే చూసుకునే చాకిరీకి మాత్రం జీతం కట్టదు, లాభం తగ్గినప్పుడల్లా ఆ చాకిరీ మీదే బరువు వేస్తుంది, చివరికి ఆ చాకిరీ చేసే శక్తే అరిగిపోతుంది.

సరే బ్యాంకుల సంగతికి వద్దాం. అమెరికన్ సోషియాలజిస్ట్ రాబర్ట్ మెర్టన్ 1948లో ఒక ఊహా కథ రాశాడు, 1932లో ఒక బ్యాంకు, బాగానే నడుస్తోంది, ప్రెసిడెంట్ పేరు కార్ట్‌రైట్ మిల్లింగ్‌విల్. ఒకరోజు కౌంటర్ల దగ్గర ఎందుకో జనం ఎక్కువగా కనిపించారు, బ్యాంకు మునిగిపోతోందని ఎవరో అన్నారు, అందరూ ఒకేసారి డబ్బు తీసుకోవడానికి పరిగెత్తారు, సాయంత్రానికి నిజంగానే మునిగింది. మొదట అబద్ధమే, జనం నమ్మి చేసిన పనివల్ల నిజమైంది. ఇది చాలా గొప్ప పాఠం కానీ మద్రాసులో పెరిగినదాన్ని కాబట్టి నేను దీనికి ఇంకో పక్క కూడా చెప్తాను, కొన్నిసార్లు నమ్మకమే అబద్ధం, పుకారే నిజం. 1990ల్లో ఇక్కడ వీధికో ఫైనాన్స్ కంపెనీ ఉండేది, నూటికి ఇరవై నాలుగు, ముప్పై ఆరు వడ్డీ అని బోర్డు పెట్టేవాళ్ళు, నాన్న చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు మొత్తం అలాంటి ఒకదాంట్లో వేశారు, మా పక్కింటాయన ఏజెంటు, ఆయన ముఖం చూసి వేశారు. షట్టర్ పడింది. పక్కింటాయన ఇల్లు ఖాళీ చేసి రాత్రికి రాత్రి పోయాడు, ఆయన డబ్బు కూడా అందులోనే పోయిందని తర్వాత తెలిసింది. అలాంటివి ఎన్నో కూలాకే 1997లో తమిళనాడు ప్రభుత్వం డిపాజిటర్ల రక్షణకి ప్రత్యేక చట్టం తెచ్చింది.

అదే మలుపు మద్రాసు అంతకు తొంభై ఏళ్ళ ముందు కూడా చూసింది. అక్టోబర్ 1906లో అర్బత్నాట్ కంపెనీ కూలింది, మద్రాసులో అంతకన్నా నమ్మకమైన పేరు లేదనుకున్న ఇంగ్లీషు దొరల సంస్థ, పెన్షన్ తీసుకునేవాళ్ళు విధవలు గుడి ధర్మకర్తలు అందరూ అందులోనే దాచుకున్నారు. సర్ జార్జ్ అర్బత్నాట్ కి పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్న ఊళ్ళోనే వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్ళు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంక్ పెట్టారు, మన డబ్బు మన చేతిలో ఉండాలని. ఆర్థిక చరిత్ర రాసిన కార్ల్ పొలాన్యీ 1944లో డబుల్ మూవ్‌మెంట్ అన్నది ఇలాంటిదాన్నే. భూమి, మనిషి శ్రమ, డబ్బు, ఈ మూడూ అమ్మడానికి తయారైన సరుకులు కావు, మార్కెట్ మాత్రం వాటిని సరుకుల్లాగే తిప్పుతుంది, అలా తిప్పీ తిప్పీ మనిషి బతుకు తెగేదాకా వస్తే సమాజం తనని తాను కాపాడుకోవడానికి ఎదురు తిరుగుతుంది, యూనియన్లు, చట్టాలు, సహకార బ్యాంకులు, రేషన్ కార్డులు అలా పుడతాయి అంటాడు.

కానీ ఎదురు తిరగడం ఎప్పుడూ మంచిగానే ఉంటుందని ఆయన అనలేదు, ఫాసిజం కూడా అదే మంట నుంచి పుట్టిందన్నాడు. దీనికి మనవాళ్ళ కథే ఉంది, నేను క్లాసులో తప్పకుండా చెప్పేదాన్ని. బర్మాలో ఐరావతి డెల్టా వరి పొలాల మీద అప్పులిచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన నాట్టుకోట్టై చెట్టియార్లు, రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన విశాఖ గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు, వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. మే 1930లో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు, కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చాయి, సమ్మె తీరగానే వాళ్ళని వెనక్కి పొమ్మన్నాయి, దాంతో అల్లర్లు, తెలుగు కూలీల ప్రాణాలు ఎన్నో పోయాయి. ఆ తర్వాత మాంద్యం దెబ్బకి బియ్యం ధర కుప్పకూలింది, రైతులు అప్పు కట్టలేకపోయారు, కింది బర్మా వరి భూముల్లో 1930లో నూటికి ఆరు చెట్టియార్ల చేతిలో ఉంటే 1938 కల్లా నూటికి పాతిక అయింది. చెట్టియార్లకి కావలసింది భూమి కాదు, రొక్కం, వాళ్ళూ ఇరుక్కున్నారు. లండన్, న్యూయార్క్ లో మొదలైన క్రైసిస్ ఒక బర్మా రైతుకీ ఒక శ్రీకాకుళం కూలీకీ మధ్య పగలా మారింది చూశావా. 1938లో మళ్ళీ అల్లర్లు. 1962 తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళకి బతుకుతెరువుగా వెలిసిందే చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరున్న మన బర్మా బజార్.

ఇప్పుడు అసలైన క్రైసిస్ థియరీలు, 1970ల నాటివి. 1973లో ఒకే ఏడు రెండు పుస్తకాలొచ్చాయి. జేమ్స్ ఓకానర్ అమెరికాలో అన్నదేంటంటే, ప్రభుత్వం రెండు పడవల మీద కాళ్ళు పెట్టాలి, కంపెనీలకి లాభం వచ్చేలా రోడ్లు, కరెంటు, చదువు, ట్యాక్స్ రాయితీలు ఇవ్వాలి, జనం ఇది న్యాయమే అని ఒప్పుకునేలా పెన్షన్లు, వైద్యం ఇవ్వాలి, రెండిటికీ ఖర్చు ప్రభుత్వానిది, లాభం మాత్రం ప్రైవేటు, కాబట్టి బడ్జెట్ లో బొక్క పడక తప్పదు. జర్మనీలో హాబర్మాస్ ఇంకో మెట్టు ఎక్కాడు. మార్కెట్లో వచ్చే క్రైసిస్ ని ప్రభుత్వం తన మీద వేసుకుంటే అది పరిపాలన సంక్షోభం అవుతుంది, అది సరిగ్గా చేయలేకపోతే జనం నమ్మకం పోయి లెజిటిమేషన్ సంక్షోభం, కష్టపడితే పైకొస్తాం అనే ఊపే మనసులో చచ్చిపోతే మోటివేషన్ సంక్షోభం. ఇల్లు మారడాన్ని ఇంత క్రమంగా గీసి చూపించినవాళ్ళు లేరు, నేను ఇన్నేళ్ళు దీని చుట్టూనే తిరిగాను.

కానీ హాబర్మాస్ అనుకున్నట్టు జరగలేదు. జనం నమ్మకం పోయి వ్యవస్థ కదులుతుందేమో అనుకున్నాడు, తీరా 1979లో థాచర్, 1980లో రీగన్ గెలిచారు. ఎందుకలా అయిందో జర్మనీవాడే వోల్ఫ్‌గాంగ్ స్ట్రీక్ 2013లో చెప్పాడు, ఆ తరం వాళ్ళందరూ జనం ఎప్పుడు ఎదురు తిరుగుతారా అని చూస్తూ కూర్చున్నారు, ఎదురు తిరిగింది పెట్టుబడి. పూర్తి ఉపాధి ఉంటే పనివాడు భయపడడు, అది ఓనర్లకి నచ్చదు, పెట్టుబడి పెట్టడం మానేసి ఒత్తిడి తెస్తారు అని పోలిష్ ఎకనామిస్ట్ కలెత్స్కీ 1943లోనే అన్నాడు, అదే జరిగింది. స్ట్రీక్ చెప్పేది టైం కొనుక్కోవడం గురించి. లాభానికీ జనం ఆశలకీ మధ్య గొయ్యి పూడ్చడానికి పడమటి దేశాలు ముందు 1970ల్లో కరెన్సీ అచ్చేసి ధరలు పెరగనిచ్చాయి, అది ఆపాక 1980ల్లో ప్రభుత్వం అప్పు చేసింది, ఆ అప్పు తగ్గించమంటే 1990ల నుంచి ఇళ్ళవాళ్ళ చేత అప్పు చేయించారు, క్రెడిట్ కార్డు, హౌసింగ్ లోన్. జీతం పెరగని చోట అప్పు పెరిగింది. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్యాంకు పడినప్పుడు కూలింది ఆ మూడో గోడ, దాన్ని మళ్ళీ ప్రభుత్వాలూ సెంట్రల్ బ్యాంకులూ నెత్తికెత్తుకున్నాయి. నాలుగు ఇళ్ళు మారింది, ఒక్క ఇంట్లోనూ తీరలేదు.

2008 గురించి ఇంకొక్కటి, డొనాల్డ్ మెకెంజీ అనే సోషియాలజిస్ట్ చూపించింది, అది మీ ఐటీ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. రేటింగ్ కంపెనీల్లో ఇంటి లోన్ల బాండ్లని చూసేవాళ్ళు ఒక గుంపు, ఆ బాండ్లని మళ్ళీ మూటకట్టిన సీడీఓలని చూసేవాళ్ళు ఇంకో గుంపు. రెండోవాళ్ళు మొదటివాళ్ళ రేటింగ్ తీసుకుని తమ మోడల్లో వేసుకున్నారు, లోపల లోన్లన్నీ ఒకేసారి మునిగే అవకాశం ఎంత అన్నది ఎవరి పనీ కాకుండా పోయింది. దురాశ ఒక్కటే కారణం అనేవాళ్ళకి నేను ఇది చదవమంటాను, ఆఫీసులో పని పంచుకున్న తీరే ప్రమాదం అయింది.

మరి ఇవన్నీ మనకి వర్తిస్తాయా అన్నావు. సగం. జాగ్రఫీ ప్రొఫెసర్ డేవిడ్ హార్వీ స్పేషియల్ ఫిక్స్ అంటాడు, ఒకచోట లాభం ఇరుకైతే పెట్టుబడి ఇంకో చోటికి పోయి ఊపిరి తీసుకుంటుంది. 2000లో తరమణిలో టైడల్ పార్క్ తెరిచారు, ఆ రోడ్డంతా పొలాలు పోయి అద్దాల మేడలయ్యాయి, అమెరికా కంపెనీలు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నాయి కాబట్టే. అంటే నీ ఉద్యోగం పుట్టిందే ఎవరి క్రైసిసో ఇక్కడికి ఇల్లు మారడం వల్ల, వచ్చింది మళ్ళీ పోగలదు. శ్రీపెరంబుదూర్ లో 2006లో ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టిన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబర్లో ఆగిపోయింది, వేలమంది ఇరవై పాతికేళ్ళ పిల్లలు, సగానికి పైగా ఆడపిల్లలు.

వర్తించని సగం ఏంటంటే, ఓకానర్, హాబర్మాస్, స్ట్రీక్ అందరూ పెన్షన్, నిరుద్యోగ భృతి ఉన్న దేశాల గురించి రాశారు. మనకి అవి ఎంతమందికి ఉన్నాయి? కల్యాణ్ సన్యాల్ అని కలకత్తా ప్రొఫెసర్ 2007లో రాసింది నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. ఇక్కడ పెట్టుబడి పొలం నుంచి చెరువు నుంచి మనుషుల్ని తీసేస్తుంది కానీ అందర్నీ ఫ్యాక్టరీలోకి తీసుకోదు, బయట మిగిలిపోయినవాళ్ళు తోపుడుబండి, టీకొట్టు, ఇంటిదగ్గర కుట్టుపని అంటూ పూట గడుపుకుంటారు, వాళ్ళు మరీ చచ్చిపోకుండా ప్రభుత్వం ఏదో ఒకటి చూడాలి. 1982లో ఎంజీఆర్ మధ్యాహ్న భోజనం విస్తరించడం, 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం, 2005 ఉపాధి హామీ చట్టం ఇలా చూస్తే ఓట్ల కోసం పంచింది అని తీసిపారేయలేం, ఈ వ్యవస్థని ఒప్పుకోవడానికి జనం అడిగిన కనీస ధర అది. ఉచితాలు అని వెక్కిరించేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకో తేడా, మన దగ్గర షాక్ ని తట్టుకునేది ఊరూ బంధువులూ. మే 2020లో చెన్నై నుంచి నెల్లూరు మీదుగా ఒడిశా, బీహార్ దాకా హైవే మీద నడిచిపోయినవాళ్ళని మనం కళ్ళారా చూశాం, సిటీలో పుట్టిన క్రైసిస్ ని వాళ్ళు భుజాన వేసుకుని సొంతూరికి మోసుకుపోయారు. ఆ బంధాన్నే తాకట్టుగా వాడితే ఏమవుతుందో ఆంధ్రలో మైక్రోఫైనాన్స్ చూపించింది, ఆస్తి లేని ఆడవాళ్ళకి గ్రూపు పూచీ మీద అప్పు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళే వచ్చి గుమ్మంలో కూర్చోవాలి. అప్పు మీద అప్పు పెరిగి ఆత్మహత్యల దాకా వెళ్ళింది, 2010 అక్టోబర్లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సొచ్చింది. బ్యాంకు కాగితాల్లో అది రికవరీ రేటు, వీధిలో అక్కచెల్లెళ్ళలా ఉన్నవాళ్ళు మొహాలు చూసుకోకపోవడం.

ఇప్పుడు అమ్మ గాజుల సంగతి. 1931 సెప్టెంబర్లో బ్రిటన్ గోల్డ్ స్టాండర్డ్ (పౌండు విలువని బంగారానికి కట్టేసే పద్ధతి) వదిలేశాక ఇక్కడ రూపాయల్లో బంగారం రేటు పెరిగింది, అదే టైంలో పంట ధర పడిపోయి శిస్తు కట్టలేని రైతులు ఇంట్లో బంగారం అమ్మేశారు, అది ఓడలెక్కి లండన్ పోయి వాళ్ళ పౌండుని నిలబెట్టింది. 1991లో దేశమే దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టి డాలర్లు తెచ్చుకుంది. మా అమ్మ నాలుగు పేటల గొలుసు షావుకారుపేటలో సేటు దగ్గరికి వెళ్ళి తిరిగి రాలేదు. మన దేశంలో క్రైసిస్ కి ఆఖరి అడ్రస్ ఎప్పుడూ ఆడవాళ్ళ మెడా చేతులే.

అందుకని నా సలహా ఇది. గాజులు ఇప్పుడే వద్దు. ముందు బ్యాంకుకెళ్ళి ఉద్యోగం పోయిన లెటర్ చూపించి లోన్ రీస్ట్రక్చర్ చేయమని, కొన్ని నెలలు ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడుగు, మాటల్లో అడిగి వచ్చేయకు, అర్జీ కాపీ మీద సీల్ వేయించుకో. ఒప్పుకుంటారో లేదో గ్యారంటీ లేదు, ఒప్పుకున్నా వడ్డీ ఊరికే పోదు, 2020లో మారటోరియం ఇచ్చినప్పుడు కూడా అసలు మీద వడ్డీ నడుస్తూనే ఉంది, కాబట్టి ఎన్ని నెలలు పెరుగుతుందో లెక్క వేయించుకునే సంతకం పెట్టు. కంపెనీ నుంచి రావాల్సినవి, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, పీఎఫ్, ఒక్కొక్కటీ రాసుకుని అడుగు, తొమ్మిదేళ్ళు చేశావు కాబట్టి గ్రాట్యుటీ నీ హక్కు. నెల నుంచి భోజనం ఒక టైంకి తినడంలేదని కూడా రాశావు, పని పోతే రోజు అలాగే చెదిరిపోతుంది, అందుకే చదువు మొదలుపెట్టాలనుకుంటే ముందు మరియెంథాల్ పుస్తకమే తీసుకో, సన్నటిది, హాబర్మాస్ తర్వాత చూద్దువు గానీ. బ్యాంకువాళ్ళు ఏమన్నారో రాయి, ఆ అర్జీ ఎలా రాయాలో కావాలంటే నేను చూసిపెడతాను.